సీటు విప్పినాక

బేతంచెర్ల రాళ్ల షావుకారు బండి
బళ్లారి చౌరస్తా కాడ నా అంగడి ముందర ఆగింది.
ఆగినాక ఇంకా కొంచెం కిందికి కుంగింది,
ఒంటె కూచున్నట్టు కాదు, పిల్లి కూచున్నట్టు.

డ్రైవరు మద్దిలేటి వెనక తలుపు తీసినాడు.
అద్దానికి చుట్టూ చట్రం లేదు,
ఉత్త అద్దం, గాలిలో నిలబడి.
"శాంపిలు రాయిని సీట్లో పెట్టుకోని వచ్చినాడు దస్తగిరీ,
అంచు గీసుకుపోయింది."
జానెడు చీలిక. బెల్లం రంగు తోలు
పసుప్పచ్చ స్పాంజి పళ్లు బయటపెట్టింది.

మా తాత దూదేకినాడు.
మా నాయన లారీ సీట్లకు కొబ్బరి పీచు కూరినాడు.
నేను జీపులకు రెగ్జిన్ కుడతాను.
ఆ జీపుల్లో పద్దెనిమిది మంది ఎక్కుతారు,
పంతొమ్మిదోవాడు స్టెప్నీ మీద.
ఈ బండికి తలుపులు నాలుగు, మనుషులూ నలుగురే.
వెనక సీటు మధ్యలో గట్టు.
ఇంజిను ముందర పెట్టి, గేరుపెట్టెను వెనక్కి జరిపి,
బరువును తక్కెట్లో తూచినట్టు రెండు ఇరుసులకూ పంచి,
రెంటినీ కలిపే కడ్డీని ఈ గట్టు కింద పోనిచ్చినారంట.
మద్దిలేటి నా సుద్దముక్క తీసుకోని నేల మీద గీసి చూపించినాడు.
ఐదో మనిషి కూచునే చోట
కడ్డీ తిరుగుతా ఉంటుంది.

ఏకు మేకయినట్టు ఆ జానెడు చీలిక
నా పొద్దంతా తినింది.
బోల్టు యాడుందో వెతికేదే సగం పని,
మూత తీస్తే ఇంకో మూత.
తోలు కింద సన్న తీగలు, మెలికలు మెలికలుగా.
"ఏందబ్బా ఇది?"
"సీటు వెచ్చబెట్టేది."
కర్నూల్లో. మే నెలలో.
నెత్తిన రేకులు చిటపటమంటాంటే
ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వినాం.
దాని కిందనే చిన్న ఫ్యాను,
తోలు నిండా సూదిమొన పట్టే బెజ్జాలు.
వెచ్చబెట్టేదీ చల్లబెట్టేదీ ఒకదాని మీద ఒకటి,
మాటామాటా లేకుండా.

కుట్టు చూసినాను.
అంగుళానికి ఆరు, యాడ కొలిచినా ఆరే,
రెండు వరసలు, నాగలి సాళ్ల మాదిరి.
మిషను పనే.
కానీ మూల కాడ తోలును చెయ్యే తిప్పాల.
ఆ మూలలో ఒక్క కుట్టు పొట్టిది.
ఎవరో, ఏ ఊర్లోనో, ఆ దినం
దగ్గొచ్చిందో, ఎవరన్నా పిలిచినారో.
లోపలి మడత ఎత్తితే
తోలు మీద మానిన గాయం,
ముల్లో, కంచె తీగో, ఏ దేశం ఎద్దుకో.
ఆ ముక్కను పారెయ్యలేదు,
కనపడని తట్టుకు తిప్పి కుట్టినారు.
నేనైనా అంతే చేస్తా.

హైదరాబాదు నుంచి తోలు తెప్పించేకి మూడు దినాలు.
రంగు ఒక పిసరు తేడా. ఎండకు కలిసిపోతుందిలే.
బిగించినాక అడిగినాను,
"ఈడ నువ్వెప్పుడన్నా కూచున్నావా?"
"నేనెందుకు కూచుంటా."
గట్టుకు ఆ పక్క వాడు, ఈ పక్క నేను.
గాలి జారిపోయేకని పైకప్పును వెనక్కి వాల్చినారు,
తల వంచకుండా షావుకారైనా దిగలేడు.
తలుపులు మూసినాం.
డోన్ బస్సు హారను కూడా
దూది చుట్టుకోని వచ్చింది.
కొంతసేపు ఎవరం ఏం మాట్లాడలేదు.

ఆరు వేలన్నాను. ఐదుకు తెగ్గొట్టమన్నాడంట షావుకారు.
ఐదున్నర.
బటన్ నొక్కితే ఎనిమిది సిలిండర్లు ఒక్కసారే లేచినాయి.
మా తాత విల్లు నారిని కొట్టినప్పుడు
చెవికంటే ముందు రొమ్ముకు వినపడేది,
అట్లా.
స్పీడ్‌బ్రేకరు కాడ బండి తనంతట తానే పొట్ట పైకెత్తింది,
పంచె ఎగ్గట్టుకోని హంద్రీ దాటే మనిషి మాదిరి,
దాటినాక మళ్లీ దించుకుంది.

బల్ల మీద ఒక తోలు ముక్క మిగిలింది, అరచెయ్యంత.
దేనికీ చాలదు.
పారెయ్యబుద్ధి కాదు.