తూము కింద ఇసుక

తెల్లారి అయిదింటికి అడవివరం దగ్గర బండి స్టాండేస్తాం.
నా చేతిలో టార్చి, నూకాలు చేతిలో పార.
రాయి నుంచి రాయి దాకా
రాత్రి రోడ్డు మీద ఏం మిగిల్చిందో చదవడం మా ఉద్యోగం.

రిజిస్టర్లో ఆరు గడులు.
తేదీ, జీవి, ఆడా మగా, రాయి నంబరు, స్థితి, సంతకం.
స్థితి అంటే మూడే మాటలు:
తాజా. పాత. అంటుకుపోయింది.
మూడోదే ఎక్కువ రాశాను.

ఓ రక్తపింజరి తెల్లగీత పక్కనే, గీతంత తిన్నగా.
ఓ ముంగిస.
ఓ పునుగుపిల్లి, పొదుగులో ఇంకా పాలు.
నా పెన్ను ఆగిపోతే నూకాలు అంది:
"ఆడదని రాసీ బాబూ.
పిల్లలు ఈ ఒడ్డునున్నాయో ఆ ఒడ్డునున్నాయో
రాయడానికి నీ బుక్కులో సోటు లేదు కదా."

రోడ్డుకి ఒడ్డులుంటాయని
నాకు అప్పటిదాకా తెలీదు.

వెడల్పు పనుల మీటింగు సిరిపురంలో, ఏసీ గదిలో.
అంచనాల్లో నలభై ఏడో వరుస:
జంతువులు దాటే తూము, ఒకటి, ఎత్తు మూడు మీటర్లు.
కాంట్రాక్టరు మనిషి పెన్సిలుతో మూడుని ఒకటిన్నర చేశాడు.
"అలుగు ఎంతెత్తుంటుందండీ, మహా అయితే?"

ఈఈ వేగేశ్న గారు తలెత్తి
"ఏ చెరువు అలుగు?" అన్నారు.

ఎవరూ నవ్వలేదు.
ఇరవయ్యేళ్ళు గోదావరి కాలవల మీద చేసొచ్చిన మనిషి.
చెప్పాను: పొలుసులుంటాయి సార్, చీమల్ని తింటుంది,
భయమేస్తే ముడుచుకుని బంతైపోతుంది,
చిరుతపులి కూడా ఆ ముడి విప్పలేదు.
లారీ విప్పక్కర్లేదు.

ఆయన ఫొటో చాలాసేపు చూశారు.
"అలుగు లేకుండా గట్టు కడితే
ఏమవుతుందో నాకు తెలుసు" అని
ఒకటిన్నర కొట్టేసి రెండు రాశారు.
మూడు కాదు. రెండు.

తూము వచ్చింది.
లోపల ఇసుక పరిచి సాయంత్రం దంతెతో నున్నగా లాగుతాం,
పొద్దున్నే వెళ్ళి చదువుతాం.
మొదటి నెలంతా కుక్కలు, మేకలు,
బీరు సీసాల గుండ్రటి అడుగులు,
ఓసారి రెండు జతల చెప్పులు,
వెళ్ళేప్పుడు దూరం దూరంగా, వచ్చేప్పుడు దగ్గరగా.
"ఇయ్యీ జీవరాశే, రాసుకో" అంది నూకాలు.

ఎవరూ చెప్పకుండానే ఆమె
రోడ్డు లైటు వెలుగు పడే మూతికి గోనెలు కట్టింది.
కొండ మీంచి ఎండాకులు తెచ్చి పోసింది.
ఓ రోజు తట్టెడు పుట్టమన్ను.

తుపాను వెళ్ళిన మూడో పొద్దు,
ఇసుక ఇంకా తడిగా ఉంది.
మధ్యలో ఓ గీత, తాడు ఈడ్చినట్టు.
అటూ ఇటూ
గోళ్ళు లోపలికి మడిచి నడిచిన గుర్తులు.
కంబాలకొండ వైపు నుంచి వచ్చింది,
సింహాచలం కొండ వైపు పోయింది.
నూకాలు పార కింద పెట్టి గొంతుక్కూర్చుంది.
పైన ఉక్కు మోసుకుపోయే ట్రైలరు దాటితే
నాలుగు రేణువులు గీతలోకి జారాయి.

జీవి: అలుగు. ఆడా మగా: తెలీదు.
స్థితి.
తాజా, పాత, అంటుకుపోయింది.
ఆ గడి వదిలేసి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం నూకాలు దంతె లాగింది,
గీత చుట్టూ తిరిగి, గీతని ముట్టకుండా.

వారానికి ఆఫీసు నుంచి చీటీ:
స్థితి గడి ఖాళీగా ఉన్నది, సంజాయిషీ ఇవ్వగలరు.
ఏం రాయమంటావని అడిగితే
చీపురుపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ
"ఏటి రాస్తావు?
అలిగి ఎలిపోనాదని రాసీ" అంది.