అక్షరానికి పదకొండు డాలర్లు

బెండిగోలో సమాధిరాళ్ళు చెక్కే దుకాణంలో
కౌంటర్ నాది.
ఉలి లాక్లన్‌ది, రబ్బరు నాది:
రాయెక్కకముందే తప్పు తుడవాలి.

లాక్లన్ నోట్లో పూర్తి మాట నిలవదు.
మధ్యాహ్నాన్ని సగానికి నరికి ఆర్వో అంటాడు.
పెట్రోలు బంకు సర్వో, టీ విరామం స్మోకో.
సుభాషిణిని మొదటి వారంలోనే సబ్స్ చేశాడు.
తోక తెగిన చోటల్లా ఓ 'ఓ' చుడతారు వీళ్ళు,
తెగిన వేలికి గుడ్డపీలికలా.

గురువారం ఆర్వో గ్లెనిస్ వచ్చింది,
కరెంటు బిల్లు వెనక రాసుకుని.
"మా వారెన్. ఊరందరికీ వాజా.
రాయి మీదా వాజానే, ఒక అక్షరం తగ్గుతుంది."
పేరు కింద ఒకే వాక్యం:
ప్రతి సాసేజీ మాడ్చాడు.

మాడ్చాడుకి చివర ఇ, డి రెండూనా, ఒక్క టి చాలా?
అడగడం నా ఉద్యోగం.
"మా టీచరు టి అనేది.
మనవరాలి కంప్యూటరేమో ఇ-డి అంటుంది,
ఎర్రగీత గీసి మరీ."
వేళ్ళు మడిచి లెక్కేసింది.
"టి పెట్టు. మిగిలినదాంతో
ఆయన పేరు చెప్పి ఓ బీరు తాగుతా."

తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.
మరో మాట చేర్చింది: మమ్మల్ని ప్రేమించాడు.
"దీన్నీ టి చెయ్యొచ్చా?"

తెలిసీ డిక్షనరీ తిరగేశాను.
నేర్చుకున్నాడు, కలగన్నాడు, ఒలకబోశాడు:
అన్నీ టి తో సర్దుకుంటాయి.
ఇది సర్దుకోదు.

"అయితే పూర్తిగా వెయ్యి," అంది,
బిల్లు తిప్పి కరెంటెంతో ఓసారి చూసుకుని.

ఆ రాత్రి జీలాంగ్‌లో మాణిక్యాంబకి
పులిహోర ఫోటో పంపుతూ ఆగిపోయాను.
చేసానా, చేశానా?
బళ్ళో ఈ స-శ తగువుకే నా అరచెయ్యి వాచింది.
తాతయ్య ఉత్తరాల్లో చేసితిని,
అమ్మమ్మ నోట చేసినాను,
అమ్మకి చేశాను.
నాకు తీరిక లేదు:
చేశా.
మేమూ కోసుకుంటూనే వచ్చాం,
పీలికైనా చుట్టకుండా.

సోమవారం లాక్లన్ ఉలి ఆపి పిలిచాడు.
"సబ్స్, సరిచూడు."
వేలితో తడిమాను, గాడి గాడీ, దుమ్ము ఊదుతూ.
ప్రేమించాడులో ఆ ఇ ని
ఈ దేశంలో ఎవరూ పలకరు.

దానికీ పదకొండు డాలర్లు తీసుకున్నాం.