మానినావా, మాన్పించినారా

ఎనిమిది గడులు నిమిషంలో నింపినా.
పేరు ఓబుళేశ్వరి.
పుట్టింది పావగడ తాలూకా, ఉండేది లగ్గెరె.
పది అంకెల ఇన్సూరెన్సు నంబరు
చూడకుండా రాసినా,
కొడుకు పుట్టిన తేదీ కూడా అంత బాగా గుర్తుండదు నాకు.
తొమ్మిదో గడి కాడ పెన్ను నిలబడిపోయింది.
పని వదలడానికి కారణం.
గడి పొడుగు నా చూపుడువేలంత.

దాంట్లో రాయాలంటే
ముందు మార్చి నెల సోమవారం ఒకటి రాయాల.
మిషను మీద సగం కుట్టిన కాలరుంది.
అందరినీ కిందికి పిలిచి టీ ఇచ్చినారు.
పదకొండేళ్ళలో
పని యాలలో టీ ఇచ్చింది అదే తొలిసారి,
అప్పుడే అనుమానం రావల్సింది.
కంపెనీ కుణిగల్ దాటి పోతోందన్నారు.
వచ్చేవాళ్ళు రావచ్చు, బస్సు మాత్రం లేదు.
రానివాళ్ళు ఈడ సంతకం.
కాగితం ఇంగ్లీషులో ఉంది.
ఆ సాయంత్రం షాహీన్ కూతురు చదివి చెప్పింది:
"సొంత కారణాల వల్ల అని ఉందాంటీ."

సొంతం.
ఆ ఫ్యాక్టరీలో నాకు సొంతమంటే
ఒక కత్తెర,
స్టూలు మీద మడతేసి పరుచుకున్న పాతచీర.
ఇప్పుడు కారణం కూడా.

కౌంటర్లో ఆయన మంచోడే.
వేళ్ళకు జిగురంటుకొనుంది,
టిఫిను డబ్బా మూత తెరిచి మళ్ళీ మూసినాడు నాకోసం.
కన్నడంలో అడిగినాడు:
బిట్రా? బిడిసిద్రా?
మన మాటలోనూ అంతే గదా,
మానినావా, మాన్పించినారా.
నడుమ ఉండేది ఒక ఒత్తు, రెండు అక్షరాలు.
ఏడ్చినోళ్ళెవరో ఏడిపించినోళ్ళెవరో
మా వీధిలో మూడేళ్ళ పిల్లోడికి తెలుసు,
వేలు పెట్టి చూపిస్తాడు.

"బిడిసిద్రు" అన్నా.
కాగితం నా పక్కకు తిప్పినాడు.
నా సంతకమే.
తెలుగులో, శ కింద వ ఒత్తు మరవకుండా.
"తీసేసినోళ్ళకైతే
మూడు నెలలు సగం జీతం వస్తుందమ్మా.
మానుకున్నోళ్ళకి రాదు.
నీకు రోజులు సరిపోయినాయి,
డెబ్బై ఎనిమిది దాటి చానా ఉన్నాయి.
కారణమే సరిపోలేదు."

కుట్టు వంకరపోతే ఊడదీసేదానికి
మా చేతికి చిన్న కొక్కెం ఇస్తారు.
దారం దారం పైకి లాగి
బట్టకు నొప్పి లేకుండా తీస్తాం.
వేలకు వేల కాలర్లు అట్లా తిరగదోడినా నేను.

వాళ్ళే తీసేసినట్టు ఒక లెటరు తెమ్మన్నాడు.
పోయినా.
గేటుంది, బోర్డు లేదు.
వాచ్‌మన్ తిమ్మప్ప దగ్గర తాళాల గుత్తి ఉంది గానీ
లెటరు రాసే అధికారం యాడిది?
"చూసుకో పో" అని కిటికీ తెరిచినాడు, పాపం,
నేనేమో పోగొట్టుకున్నానని.
మిషన్లు లేవు.
నేల మీద వాటి కాళ్ళ గుర్తులు
నాలుగేసి, నాలుగేసి, గోడదాకా.
మూడో లైను, ఎడమ నుంచి ఏడోది.
అక్కడ మాత్రం కొంచెం నూనె మరక.

నేను కంపెనీని ఇడిసిపెట్టలా సార్,
కంపెనీయే నన్ను ఇడిసిపెట్టి కుణిగల్ పోయింది.
గడిలో పట్టలేదు.
ఫారం తిప్పి వెనకపక్క రాసినా,
కాలరు అంచున పైకుట్టు వేసినంత సన్నగా,
ఎక్కడా ముడి కనపడకుండా.
ఆయన రెండుసార్లు చదివినాడు.
తెలుగు వచ్చునో ఏమో, ఊరికే చూసినాడో.
ముద్ర వెయ్యలా. వెనక్కీ ఇయ్యలా.
సోమవారం రమ్మన్నాడు.

బస్సులో కూర్చుంటే
కుడికాలు తనంతట తానే నేలను తొక్కుతోంది,
స్టాపు వస్తే ఎత్తుతోంది,
బస్సు కదిలితే మళ్ళీ తొక్కుతోంది.
పక్కామె చూసి సంచి దగ్గరికి లాక్కుంది.
కండక్టరు సున్నా రూపాయల టికెట్టు చించబోతా
డబ్బులడగలా.
ఎక్కడికి అని అడిగినాడు.