చివికే గుడ్డ

ఓడలో వంటపనికెళ్ళి పద్నాలుగు నెలలకి
పెదజాలరిపేటలో దిగిన నీ తమ్ముడు పరసన్న
నాకు సబ్బులూ సెంట్లూ తేలేదు, ఓ మాట తెచ్చాడు.
"ఐర్లండని ఓ దేశం వదినా, అక్కడో నుయ్యుంది,
పక్కనే ముళ్ళచెట్టు.
గుడ్డపేలిక ఆ నీళ్ళలో ముంచి
నొప్పున్న చోట అద్ది, కొమ్మకి కడతారు.
గుడ్డ చివికేకొద్దీ నొప్పీ చివుకుతాదంట."

నేను మిషను ఆపలేదు.
సూది కింద ఎవరిదో జాకెట్టు,
ఎదురుగా మేకుకి నీ చొక్కా.
తుపాను పోయాక పడవ దొరికింది.
చొక్కా ఇంట్లోనే ఉంది.
నువ్వు రెండింట్లోనూ లేవు.

ఎక్కడ అద్దాలి? గుండెకా, తలకా,
నిద్రపట్టని ఎడమపక్కకా?
అడగలేదు నీ తమ్ముణ్ణి.
ఆదివారం కంబాలకొండ గెడ్డదాకా నడిచి
రేగుచెట్టుకి నీ చొక్కా చేతిని కట్టొచ్చాను.
మనకి ముళ్ళచెట్టంటే అదేగా.

మూడు వానాకాలాలు.
రంగు పోయింది, గుడ్డ పోలేదు.
ముడి నేను వేసింది వేసినట్టే.
పక్కన చిప్సు కవరొకటి,
ఎవరో విసిరేసిన నైలాను తాడొకటి,
అవీ అంతే, ఎవరి నొప్పులో.
"దుప్పి తింటే చస్తాది, తియ్యమ్మా"
అన్నాడు ఫారెస్టు వాచరు.
తీసి, వేళ్ళ మధ్య నలిపి చూశాను.
ఇరవయ్యేళ్ళుగా గుడ్డ కోస్తున్నదాన్ని,
ఇంత తెలీలేదు చూడు:
పాలిస్టరుకి దుఃఖం ఇస్తే
దాచిపెడుతుంది గానీ తినదు.

ఆ నూతిలో ఓ చేప కూడా ఉందట.
తొమ్మిది చెట్ల కాయలు నీళ్ళలో రాలితే
మింగి, లోకజ్ఞానమంతా ఒంటబట్టించుకుందట.
మొన్న హార్బరులో కొన్న వంజరాన్ని కోస్తే
పొట్టలో నీలం పీచు, జానెడు.
మన చేపకి ఏం జ్ఞానం పట్టిందో!
ఆ వల మనదే. చిరిగిందని మనం వదిలేసిందే.
జనవరిలో తాబేళ్ళు దాన్నే మెడకి చుట్టుకుని
ఒడ్డుకొస్తాయి, కడుపులో గుడ్లతో సహా.

ఇంట్లో నీ నూలుగుడ్డ ఒక్కటే ఉంది,
తలకి చుట్టుకునే తువ్వాలు.
చివికేది అదొక్కటే.
నీ వాసన మిగిలిందీ అందులోనే.

నెల పట్టింది.
కత్తెర తియ్యడం, మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టడం.
చివరికి ఓ అంచు, రెండు వేళ్ళ వెడల్పు,
గెడ్డలో ముంచి
ఎక్కడా అద్దకుండానే కట్టేశాను.
వాచరు చూశాడు, ఏమీ అనలేదు.
వెళ్ళిన ప్రతిసారీ కాస్త తక్కువ కనిపిస్తోంది.
పోగులేవో పిట్ట పట్టుకెళ్ళినట్టుంది.
సంతోషమేస్తోందో భయమేస్తోందో,
రెండూ ఒకే రంగు.

మిగతా తువ్వాలు పెట్టెలోనే ఉంది.
అంత మంచిదాన్ని కాను.

ఇప్పుడెవరు గుడ్డ తెచ్చినా
ముందో పోగు లాగి అగ్గిపుల్ల గీస్తాను.
నల్లగా ముద్దకడితే మాట్లాడను.
బూడిదై, ఊదగానే ఎగిరిపోతే
"ఇది ఉండదమ్మా, చివికిపోద్ది" అంటాను.
అని, టేపు తీసి
కొలత మొదలుపెడతాను.