గోడ మీది అంకె

విజయనగరం పెద్దాసుపత్రి. రాత్రి ఒంటిగంటన్నర.
గేదెల గవరయ్య ఊపిరి మిషనుతో పాటే
పదో నంబరు మంచం కిర్రుమంటోంది.
"బరువెంత?" అడిగారు డాక్టరుగారు.
కేసు షీటులో ఆ గడి ఒక్కటే ఖాళీ.

నూట ముప్పై ఉంటాడన్నాడు ఎత్తి పడుకోబెట్టిన వార్డుబాయి.
నూట ఎనభై, అన్నాడు అంబులెన్సు డ్రైవరు.
ఆ సందులో ఇంకో మనిషి పడతాడు.
"నాకేటి తెలుసమ్మా," అంది సన్నెమ్మ గుమ్మం దగ్గర,
"ముప్పయ్యేళ్లు జూట్ మిల్లు కాటా కాడ కూకున్నాడు,
బేళ్లన్నీ తూసినోడు. నానెప్పుడు తూసాను?"

తక్కువైతే మందు రోగం దాకా పోదు,
ఎక్కువైతే కిడ్నీల మీద పడుతుంది.
అందాజా అనే మాట వంటింట్లో బాగుంటుంది,
ఉప్పుకి.

ఆమే నెల్లిమర్లకి ఫోను కలిపింది.
వాచ్‌మన్ పోలయ్య టార్చి పట్టుకుని తూకాల గదికి నడిచాడు,
చెప్పులు ఈడుస్తున్న చప్పుడు ఇక్కడికి వినబడింది.
ఏటా ఆయుధపూజకి కాటాకి పసుపు రాసి
మొదటి తూకం తనే ఎక్కేవాడట గవరయ్య,
తోటివాళ్లు నవ్వుతుంటే సుద్దతో గోడ మీద రాసేవాడట.
"ఇది పాతది, సెరిగిపోనాది... ఆగండి...
మొన్న దసరాది. నూటరవై నాలుగు."
నూటిరవయ్యా, నూటరవయ్యా? రెండుసార్లు అడిగాను.
"ఆరు పదులమ్మా, ఆరు పదులు."

దర్జీ టేపుతో మడమ నుంచి మాడు దాకా కొలిచాను.
ఆ పొడుగుకి ఉండాల్సిన బరువు అరవై మూడు.
దుప్పటి కింద ఆ సన్నటి గవరయ్యా ఉన్నాడు,
పెళ్లినాడు సన్నెమ్మ చూసిన కుర్రాడేమో.
కండరాలు వదులు చేసే మందు అతనికిచ్చాం.
యాంటీబయాటిక్ మొదటి మోతాదు
మంచం మోస్తున్న మనిషికి.
ఇంకో ఇంజెక్షనుకి ఇద్దరి మధ్యా ఒకణ్ణి పుట్టించాలి,
నూట మూడు కిలోలవాణ్ణి.
అతను ఏ ఫొటోలోనూ లేడు.
రక్తం తీసి మళ్లీ మళ్లీ చూశాం,
లెక్క కుదిరిందని ఎవరమూ అనలేదు.

నిద్రమందు కొవ్వులో దాక్కుంది.
మేం ఆపేశాం, అది ఆగలేదు.
ఒక్కరోజులో లేస్తాడనుకుంటే మూడు రోజులు.
సన్నెమ్మ వచ్చినప్పుడల్లా అరికాలు గోకి చూసేది,
మా ఎవరితోనూ మాట్లాడేది కాదు.

గొట్టం తీశాక
గోనెపట్టా ఈడ్చినట్టు గవరయ్య గొంతు:
"ఎంతొచ్చింది?"
మూడంకెలున్నాయి నా దగ్గర.
"మీ గోడ మీదున్నదే," అన్నాను.
కళ్లు మూసుకుని కాసేపు ఊరుకున్నాడు.
"అది దసరా నాటిది కదమ్మా.
మళ్లీ తూకం పట్టాల."