రెండు పోస్టుకార్డుల మందం

పట్నంబజారులో హార్మోనియంలు బాగుచేసే నా దగ్గరికి
రాహేలమ్మ గారు గిటారు తెచ్చారు,
ఆటోలో, పాత దుప్పట్లో చుట్టి, ఒళ్లో పడుకోబెట్టుకుని.
"ఎవరికైనా అమ్మిపెట్టు నాగుల్‌మీరా,
ముట్టి పదకొండేళ్లయింది.
వేళ్లల్లో సత్తువ పోయింది.
తీగ నొక్కితే పాట రాదు, నెత్తురొస్తుంది."

తుపాకీ గురి చూసినట్టు
ఒక కన్ను మూసి మెడ పొడవునా చూశాను.
పన్నెండో మెట్టు మీద
తీగకీ చెక్కకీ మధ్య
నా చెవిమీది బీడీ తీసి పెడితే, దూరింది.

యాభై ఏళ్లుగా ఆరు తీగలు
పగలూ రాత్రీ ఒకే వైపు లాగుతున్నాయి.
వాయించనప్పుడూ లాగుతూనే ఉన్నాయి,
బీరువా మీద, చీకట్లో, దుప్పట్లో.
మెడ ముందుకి వచ్చేసింది
మిర్చియార్డులో టిక్కీలు మోసే మనిషి మెడలాగా.

"తప్పు మీ వేళ్లది కాదండీ" అన్నాను.
ఆమె నమ్మలేదు.
ముప్పైనాలుగేళ్లు నర్సు ఆమె.
రోగికి ధైర్యం చెప్పే గొంతు ఎలా ఉంటుందో
నాకంటే బాగా తెలుసు.

గౌసియా చూడకుండా ఇంట్లో కుక్కరు ఎత్తుకొచ్చాను.
విజిలు తీసి రబ్బరు గొట్టం తొడిగాను,
గొట్టం చివర ఫుట్‌బాలుకి గాలికొట్టే సూది.
పదిహేనో మెట్టు పీకి
ఆ గాడిలో సన్నటి బెజ్జం వేసి
సూది దించాను.
ఆవిరి లోపలికెళ్లింది,
నేను పుట్టకముందే పని నేర్చిన కలకత్తా వడ్రంగి ఎవరో
ఇక ఎవరూ చూడరనుకుని బిగించిన అతుకులోకి.

ఆ జిగురుని మేం వజ్రం అంటాం.
తోలూ ఎముకలూ ఉడికించి తీసింది.
పేరుకి తగ్గట్టే పట్టుకుంటుంది,
వేడిగా అడిగితే వదులుతుంది.
పది నిమిషాలకి వాసనొచ్చింది.
వానలో తడిసిన గేదె వాసన,
దాని వెనకే
మా ఇంటి నిన్నటి కందిపప్పు.

లాగకూడదు.
మడమ కింద బొటనవేలు పెట్టి
ఒత్తీ ఒత్తనట్టు ఒత్తాలి.
సంగటిలోంచి తెడ్డు ఊడినట్టు చిన్న చప్పుడు,
మెడ నా చేతిలో ఉంది.

సరిగ్గా అప్పుడే వచ్చారావిడ.
బల్లమీద రెండు ముక్కలు.
తల తిప్పుకోలేదు.
"ప్రాణం ఉందా?"
"మత్తులో ఉందండీ."
అప్పుడు నవ్వారు.

కుసి మీద పెన్సిలుతో మూడక్షరాలు, బెంగాలీవి.
నాకు చదవడం రాదు.
ఉలి అటు పోనివ్వలేదు.

తీసింది ఎంతని?
పైన ఏమీ లేదు.
కిందికి దిగేకొద్దీ సన్నగా మొదలై
మడమ కొసన రెండు పోస్టుకార్డుల మందం.
సుద్ద పూసి, కూర్చి, విప్పి,
తెల్లగా అంటినచోట మాత్రం గీకి,
మళ్లీ కూర్చి, మూడు రోజులు.
యార్డు వైపు నుంచి గాలి మళ్లినప్పుడల్లా
ఉలి దూరంగా పెట్టి తుమ్మేవాణ్ణి.

అతికించడానికి మళ్లీ వజ్రమే కాచాను.
ఇప్పటి జిగుళ్లు గట్టివే, సులువే,
కానీ ఇంకో యాభై ఏళ్లకి
ఇంకెవడో కుక్కరు పట్టుకొస్తాడు కదా.
వాడికి దారి ఉండాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చారు.
తెల్లచీర, చేతిసంచిలో బైబిలు, సగం డబ్బులు.
చూపుడువేలు ఒక తీగ నొక్కింది.
నొక్కింది అనడం ఎక్కువ, ఆనింది.
మోగింది.

వేలు ఎత్తి, తిప్పి, చాలాసేపు చూసుకున్నారు.
"పదకొండేళ్లు వీటిని తిట్టుకున్నానయ్యా."

తర్వాత ఏదో కీర్తన మొదలుపెట్టారు.
రెండో చరణంలో ఒక స్వరం జారింది.
అది మాత్రం వేళ్లదే.
నాకు తెలిసింది. ఆమెకీ తెలిసింది.
ఆగి, కళ్లద్దాలు సర్దుకుని,
మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు.