ఊఁ కొట్టుడు

వాగు ఊరి మీదికొచ్చి పోయిన నలభై రోజులకు
పరకాల బస్సు దిగిండు ఒగ్గు బీరమల్లు.
భుజానికి డోలు, చంకల గొంగడి.
పక్కన ఉండాల్సిన కొంరెల్లి లేడు.
ముప్పై ఏండ్లు ఆయన కథకు ఊఁ కొట్టిన కొంరెల్లి
అదే రాత్రి, అవే నీళ్లల్ల.

అప్పటికే మా లెక్క అందరు రాసుకపోయిండ్రు.
బర్లెన్ని, గోడలెన్ని,
దొరికినోళ్లెందరు, దొరకనోళ్లెందరు.
ఓదెమ్మ తన మాట పదమూడు సార్లు చెప్పింది,
పదమూడు కాయిదాల మీద ఏలిముద్ర ఏసింది.
వరంగల్ నుంచి వచ్చిన మేడమ్ మంచిదే.
"రాత్రి నిద్ర పడుతుందా?" అనడిగి
టిక్కు పెట్టుకొని పోయింది.

బడి వరండాల కూసున్నం. కరెంటు ఇంక రాలే.
చెమ్మకు తోలు సడలి
డోలు దబ్బు దబ్బుమంటాంది.
పత్తికట్టె మంటేసి
బాలింతకు కాపడం పెట్టినట్టు
అటు తిప్పి ఇటు తిప్పి కాగబెట్టిండు.
మల్లన్న కథే అనుకున్నం.

"అగో రాజా..." అని ఎత్తుకొని ఆగిండు.
ఊఁ ఉండాల్సిన జాగల కప్పలు ఒర్రుతున్నయి.
మళ్ల ఎత్తుకున్నడు. మళ్ల ఆగిండు.
గజ్జెలు విప్పి పక్కకు పెట్టి
"నాతోని అయితలేదు బిడ్డా.
కథ మీరు చెప్పుండ్రి,
ఊఁ నేను కొడత" అన్నడు.

చానసేపు ఎవ్వలు మాట్లాడలే.
ఓదెమ్మ అన్నది, మాతోని కాదు, డోలుతోని:

"పొయ్యి మీద గట్క ఉన్నది."
"ఊఁ."
"పెద్ద గిన్నెల. పొద్దుగాల కూలోళ్లు వస్తరని."
"ఊఁ."
"గిన్నె తేలింది."
"ఊఁ... తేలింది."
"సారయ్య గిన్నె కోసం వంగిండు."

ఇది ఏ కాయిదంల లేదు.
గిన్నె పట్టుమన్నది తనే అని
పదమూడు సార్లల్ల ఒక్కసారి గూడ చెప్పలే.

డోలు ఆగుతదనుకున్నం. ఆగలే.
ఒక్క ఏలు తోని, మెల్లగ,
ఆమె మాట తెగిన కాడల్ల ముడేసుకుంట పోయింది.
నర్సక్క ఊఁ అన్నది. బడి సారు అన్నడు.
నేను ఎప్పుడన్ననో నాకు తెల్వదు.

తెల్లారెదాక ఆరుగురు చెప్పిండ్రు.
ఆఖరికి బీరమల్లు కొంరెల్లి ముచ్చట తీసిండు,
కురవి జాతరల బాకీ పడ్డ రెండు వందలది.
అందరం నవ్వినం.
నవ్వి, ఒకల మొకం ఒకలం చూసుకున్నం,
తప్పు చేసినోళ్ల లెక్క.

తగ్గింది అని నేను చెప్ప.
రేకుల మీద చినుకు పడితే
ఇప్పటికీ ఊరంత లేసి కూసుంటది.
చీకట్ల మంచం కింద నేల తడుముత,
పొడిగనే ఉంటది, అయినా తడుముత.
గోడ అవుతల ఓదెమ్మ
"లేసినవా?" అనదు.
ఊఁ అంటది.
నేను ఊఁ అంట.
పండుకుంటం.